తమ్ముడు బండలెక్కిన చలికాలం

మా మనవడి కూతురికి నాలుగేళ్లు. నడుస్తూ నడుస్తూ తూలిపడుతోందని మొన్న డాక్టరుకు చూపించారు. ఆయన మందేమీ రాయలేదట. "పిల్లను బయట వదలండి. ఏదైనా ఎక్కనివ్వండి, దిగనివ్వండి. కాళ్లకూ చేతులకూ పట్టు వస్తుంది, భయం తగ్గుతుంది" అన్నాడట. అప్పటినుంచి ఇంట్లో ఇదే చర్చ. ఎక్కడ ఎక్కించాలి? అపార్ట్‌మెంటు చుట్టూ కార్లే. పార్కులో ఇనప నిచ్చెన ఉంది గానీ దాని కింద నేల గట్టిగా ఉందని తల్లికి భయం.

నేను కుర్చీలో కూచుని వింటున్నాను. మోకాళ్లు సరిగా మడవలేను గానీ, ఆ మాటలు వింటుంటే అరికాళ్లు దురదపెట్టాయి. కూచోలేకపోయాను. లేచి వరండా చివరిదాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. "ఏం కావాలి నానమ్మా?" అని మనవడు రెండుసార్లు అడిగాడు. ఏం కావాలని చెప్పను? ఈ కుదురులేనితనం నా ఒంట్లోకి ఎక్కడ వచ్చిందో నాకు తెలుసు. ఊరి బయట, బండల మధ్య, ఒక చలికాలంలో వచ్చింది.

మా ఇల్లు అప్పుడు లాల్ దర్వాజా దగ్గర ఒక సందులో ఉండేది. ఎదురింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేంత ఇరుకు సందు. నాన్నను బాపు అనేవాళ్లం. కచేరీలో మున్షీ, అంటే గుమాస్తా. షేర్వానీ వేసుకుని, ఎర్రటి రూమీ టోపీ పెట్టుకుని, సైకిలెక్కి పోయేవాడు. ఇంట్లో అమ్మ, బాపు తల్లి బాపమ్మ, నేను, తమ్ముడు.

నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. అందుకని వీడు పుట్టగానే చేటలో వేసి, పెంటకుప్ప మీద కాసేపు ఉంచి, ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ అని దేవుణ్ని నమ్మించి ఇంట్లోకి తెచ్చుకున్నారు. ముక్కు కూడా కుట్టించారు. ఎవరికీ అక్కరలేని ఆ బిడ్డకు అయిదేళ్లు వస్తున్నా నేల మీద కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. అమ్మ చంక దిగితే బాపమ్మ చంక. మెట్లు కనిపిస్తే కూర్చుని పిర్రల మీద దిగేవాడు. వాడి కాళ్లు నీళ్లలో నానిన కాడల్లా తెల్లగా, మెత్తగా ఉండేవి. చందమామను చూపించి, కథ చెప్పి, బతిమాలితే నాలుగు ముద్దలు తినేవాడు. మిద్దె మెట్ల తలుపుకు ఎప్పుడూ తాళమే. వాడికోసం వేసిన ఆ తాళం నాకూ పడింది. నేనేమో ఒక చోట కూచునే పిల్లను కాను. స్తంభం కనిపిస్తే పాకేదాన్ని, కిటికీ కనిపిస్తే వేలాడేదాన్ని. "ఆడివిల్లవా, కోతివా?" అని బాపమ్మ నెత్తిన మొట్టేది.

ఆ ఏడు చలి మొదలయ్యాక మా సందులో ఎలుకలు చచ్చి పడసాగాయి. ప్లేగు అనే మాట ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. "ఫలానా ఇంట్ల ఎలుక రాలిందట" అంటే చాలు, అర్థమయ్యేది. ఎలుక రాలిన ఇల్లు విడిచిపెట్టి ఊరి బయటికి పోవాలి. ఒక పొద్దున అమ్మ బియ్యం గుమ్మి పక్కన చీపురు వేసి, చీపురు వదిలేసి వెనక్కి వచ్చింది. అంతే, మధ్యాహ్నానికల్లా వాకిట్లో ఎడ్లబండి నిలబడింది.

బాపమ్మ కదలనంది. "నేను సచ్చినా గీ ఇంట్లనే సస్త."

"సచ్చేటందుకైతె ఈడనే ఉండొచ్చమ్మా," అన్నాడు బాపు, టోపీ తీసి తల తుడుచుకుంటూ. "బతికేటందుకు పోతున్నం. లే."

జహనుమా దాటి చాంద్రాయణగుట్ట వైపు పోతుంటే అప్పుడు ఇళ్లు లేవు. గడ్డి, తుమ్మచెట్లు, రేగుపొదలు, వాటి మధ్య బండలు. ఎవరో పెద్ద చేత్తో పట్టుకొచ్చి గుమ్మరించినట్టు ఒకదాని మీద ఒకటి. ఆ బండల కింద తడకలతో గుడిసెలు వేసుకున్నాం. మా సందులో సగం మంది అక్కడే. పక్క గుడిసెలో మా వెనకింటి ముస్లిం పిన్ని, మేం ఖాలా అనేవాళ్లం. ఆమె గుడిసె నుంచి పొద్దున్నే ఉల్లిగడ్డ వేగే వాసన వస్తే మా బాపమ్మ ముక్కు మూసుకునేది, తర్వాత మెల్లగా వేళ్లు సందు చేసేది. అటు పక్క పాలామె, ఆమె బర్రెలు. బర్రెల వాసన, వేపాకు పొగ, చలికి తడిసిన గడ్డి. అమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద గంజు గిన్నెలో బియ్యప్పిండి తట్టి సర్వపిండి కాల్చేది. అడుగున మాడిన ముక్క కోసం నేను పొయ్యి చుట్టూ తిరిగేదాన్ని. ఇంట్లో అంత రుచి ఎప్పుడూ లేదు.

పెద్దవాళ్లకు మాత్రం నోట్లో రుచి లేదు. రోజంతా ఒకటే మాట. ఇవాళ ఎక్కడ ఎలుక పడింది, ఎవరికి చంకలో గడ్డ లేచింది, ఇంటికి ఎప్పుడు పోతాం? ఎవరూ సామాను పూర్తిగా విప్పలేదు. మూటల మీదే కూచుని మాట్లాడేవాళ్లు. బాపు పొద్దున సైకిలెక్కి ఆ జబ్బు ఊళ్లోకే కచేరీకి పోయేవాడు. పోయినప్పటినుంచి అమ్మ పని చేస్తూ చేస్తూ లేచి దారి వైపు చూసి, మళ్లీ కూచునేది. రొట్టె తట్టడం మధ్యలో కూడా లేచేది.

నాకు బండలు ఉన్నాయి. అమ్మ వద్దంది. "బండ దిక్కు పోయినవంటే కాళ్లు ఇరగ్గొడ్త." కాళ్లు విరుగుతాయన్న భయంతో కాళ్లు విరగ్గొడతాననేది. కానీ నీళ్లకోసం ఆమె దూరపు బావికి పోవాలి. ఆమె బిందె మలుపు తిరగ్గానే నేను బండ మీద ఉండేదాన్ని.

నాకు నేర్పింది పాలామె బిడ్డ. నాకంటే కొంచెం పెద్దది. పరికిణీ గోచీ పెట్టుకుని, నోట్లో రేగుపండు గింజ చప్పరిస్తూ పైకి పోయేది. బండలకు పేర్లు కూడా అదే పెట్టింది. అన్నిటికన్నా పొట్టిది, రొట్టె పెనంలా ఉండేది తవా బండ. పడుకున్నట్టుండేది బర్రె బండ. అన్నిటికన్నా ఎత్తైనది, పైన ఇంకో గుండు కూచున్నది టోపీ బండ. దాని పైనుంచి చూస్తే ఊరిదాకా దారి కనిపిస్తుందని అంది.

"నీకు భయమైతలేదా?" అని అడిగాను, మొదటిసారి బర్రె బండ నడుమ వేలాడుతూ.

"ఎందుక్కాదు? అయితది. భయమైనప్పుడే చేతులు గట్టిగ పట్టుకుంటయి."

దిగడం కూడా అదే చెప్పింది. ఎక్కడం ఎవరికైనా వస్తుంది, దిగడమే రాదు. "మేక లెక్క దిగకు. బల్లి లెక్క దిగు" అనేది. కడుపు బండకు ఆనించి, ముఖం రాతి వైపే పెట్టి, కాలితో వెతుక్కుంటూ దిగాలి. ఎండకు వేడెక్కిన రాయి చెంపకు తగులుతుంటే ఒక రకమైన వాసన వచ్చేది, కాలిన మట్టిలాంటిది. సాయంత్రం గుడిసెలో పడుకుంటే ఆ వేడి ఇంకా పొట్ట మీదే ఉన్నట్టుండేది. కాళ్లు నిద్రలో కూడా ఎక్కుతూనే ఉండేవి. అమ్మ విసుక్కుని నా కాళ్ల మీద తన కాలు వేసి పడుకునేది.

బండి కుదుపుకు బాపమ్మకు నడుము పట్టేసింది. అమ్మ నీళ్లకు పోయినప్పుడు తమ్ముణ్ని ఎత్తుకునేవాళ్లు లేరు. ఒకరోజు బాపమ్మ వాణ్ని తవా బండ మీద ఎండలో కూచోబెట్టి, పక్కనే చేరగిలబడింది. "ఎండకు కూసో బిడ్డా. కదలకు" అంది. ఆమెకు కునుకు పట్టింది. వాడు కదిలాడు.

ముందు బోర్లా పడుకుని బండను కౌగిలించుకున్నాడు. తర్వాత అంచుదాకా పాకి, కిందికి చూసి, వెనక్కి వచ్చాడు. మళ్లీ అంచుకు పోయాడు. నేను బర్రె బండ మీదినుంచి చూస్తున్నాను. కాళ్లు కిందికి వదిలాడు, జారాడు, గడ్డిలో కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. లేచి, మోకాలు చూసుకుని, మళ్లీ బండను పట్టుకున్నాడు. బాపమ్మ ఒక కన్ను తెరిచి ఉందని అప్పుడు గమనించాను. ఆ కన్ను మళ్లీ మూసుకుంది.

తర్వాత రోజూ అదే. అమ్మ బిందె మలుపు తిరగ్గానే వాడు బాపమ్మ చెంగు లాగేవాడు. బల్లి లెక్క దిగడం, తవా బండ తర్వాత బర్రె బండ, టోపీ బండ పైనుంచి కనిపించే దారి, అన్నీ వాడికి నేనే చెప్పాను. కొన్నాళ్లకు వాడి అరచేతులు గరుకెక్కాయి. కాలివేళ్లు విడివిడిగా విచ్చుకున్నాయి. జొన్నరొట్టె తునక చేతిలో పెడితే చందమామ కథ అడగకుండానే తిని, ఇంకో తునకకు చేయి చాపాడు. పచ్చిపులుసు గిన్నె వంచుకుని తాగాడు. అమ్మ ఆశ్చర్యపోయి, "ఊరి బయటి గాలి పడ్డది పోరనికి" అంది. బాపమ్మ "అవునవును, గాలే" అంది.

మోకాళ్లు మాత్రం దాచడం కష్టమైంది. "ఇదేందత్తమ్మా, మోకాలు గిట్ల గీసుకపోయింది?"

"తడక గీసుకున్నది. పాడు తడకలు," అంటూ బాపమ్మ పసుపు నూనె రాసింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాను.

అలా ఉండగా చివరి గుడిసెలో ఒకామెకు జ్వరం వచ్చింది. గుడిసెల మధ్య మాటలు ఆగిపోయాయి. అందరూ ఆ వైపు చూడకుండా చూసేవాళ్లు. మళ్లీ ఎక్కడికి పోవాలి, ఇంకెంత దూరం పోవాలి? అదే సాయంత్రం బాపు రాలేదు. పొద్దుగూకింది, సైకిలు గంట వినిపించలేదు. తెల్లారినా కబురు లేదు. ఖాలా వచ్చి, "ఫికర్ నక్కో కరో బేటీ, కచేరీల పని వడ్డదేమో" అని ధైర్యం చెప్పింది. అమ్మ తల ఊపింది గానీ వినలేదు. పొయ్యి ముట్టించింది, ఆర్పింది. మూట విప్పింది, కట్టింది. మమ్మల్ని గుడిసె దాటనివ్వలేదు. లోపల కూచుని కూచుని నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. నేను తడక పుల్లలు విరుస్తున్నాను. తమ్ముడు మాత్రం అటూ ఇటూ చూస్తూ, "బాపు ఏడున్నడు?" అని అడుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక అమ్మ దారిలోకి పోయి నిలబడింది. బాపమ్మ దేవుడికి మొక్కుకుంటూ కళ్లు మూసుకుంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వాడు ఎప్పుడు పోయాడో ఎవరం చూడలేదు.

కాసేపటికి పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా! బాపు వస్తుండు! బాపు వస్తుండే!"

అమ్మ ముఖం వెలిగింది. ఆ వెలుగుతోనే గొంతు వచ్చిన వైపు తల ఎత్తింది. టోపీ బండ మీద, పైగుండు పక్కన, వాడు నిలబడి ఉన్నాడు. చిన్న చొక్కా గాలికి ఊగుతోంది. చేయి చాపి దారి చూపిస్తున్నాడు. అలా ఒకే క్షణంలో మనిషి ముఖంలో ప్రాణం రావడమూ పోవడమూ నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అమ్మ అరవడానికి నోరు తెరిచింది. పాలామె బిడ్డ పరిగెత్తుకొచ్చి ఆమె చేయి పట్టుకుంది. "చిన్నమ్మా, లొల్లి వెట్టకు. అరిస్తె అదురుతడు."

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో సైకిలు వచ్చింది. బాపు తల ఎత్తి చూశాడు. సైకిలు అక్కడే పడేశాడు. చెప్పులు విడిచి, షేర్వానీతోనే బండెక్కడం మొదలుపెట్టాడు. "బాపూ, అటు కాదు, ఇటు దిక్కు!" అని పైనుంచి తమ్ముడు చెబుతున్నా వినిపించుకోలేదు. రూమీ టోపీ ఊడి దొర్లుకుంటూ వచ్చి గడ్డిలో పడింది. ఎలా పోయాడో పోయాడు. వాణ్ని పట్టుకుని గుండెకు అదుముకున్నాడు. అప్పుడు కిందికి చూశాడు.

చూసి అలాగే ఉండిపోయాడు.

"అరే మున్షీ సాబ్, నీచే మత్ దేఖో! కిందికి సూడకుండ్రి!" అని ఖాలా అరిచింది. బాపు బండకు అంటుకుపోయాడు. కుడి చేయి పైకి లేవడం లేదు. ముందురోజు కచేరీలో అందరికీ ప్లేగు సూదులు వేశారట. దానికి జ్వరం వచ్చి, కదలలేక, తోటి మున్షీ ఇంట్లో పడుకున్నాడట. చేయి వాచిపోయి ఉంది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాకు కనిపించింది రాతికి చెంప ఆనించి కళ్లు మూసుకున్న బాపు ఒక్కడే. మా బాపు ముఖంలో భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తమ్ముడు ఆ చేతిలోంచి మెల్లగా జారి, ఆయనకంటే ముందు కిందికి దిగి నిలబడ్డాడు.

"బాపూ, బల్లి లెక్క. మొఖం బండ దిక్కు వెట్టు. ఆ కాలు దించు. ఇంకా. ఇంకా జర. ఆఁ, గీడ ఉన్నది, చూడు." వాడి చిన్న చేయి బాపు మడమను పట్టుకుని రాతి పగులులో పెట్టింది. "ఇగ రెండోది."

వాడు ఒక పట్టు దిగి, ఆగి, బాపు కాలును కిందికి తెచ్చి, మళ్లీ దిగుతున్నాడు. మెట్లను పిర్రల మీద దిగిన పిల్లవాడు. బాపు వాడు చెప్పిన చోటల్లా కాలు పెట్టాడు. గడ్డి మీద కాలు పడగానే మోకాళ్ల మీద కూలబడి, ఒక్కసారి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

అమ్మ తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. వెంటనే లాక్కుని ఒళ్లో వేసుకుంది. వాడి అరచేయి తెరిచి చూసింది, అరికాలు తిప్పి చూసింది.

"ఎవలు నేర్పిండ్రు?"

నేను నేల చూశాను. బాపమ్మ నడుము పట్టుకుని లేచి వచ్చింది. "నేనే పొమ్మన్న. నా నడుము పాయె. ఇంక ఎన్నొద్దులు మోస్తం వాన్ని?"

"ఇద్దర్ని పోగొట్టుకున్న అత్తమ్మా," అంది అమ్మ.

బాపమ్మ ఆమె పక్కన కూచుంది. తర్వాత మెల్లగా అంది. "వాళ్లు పడి పోలేదు బిడ్డా. జరమొచ్చి పోయిండ్రు. నీ సంకల ఉండంగనే పోయిండ్రు."

అమ్మ ఏడ్చింది. అప్పటిదాకా ఆ ఇద్దరి గురించి అమ్మ మా ముందు ఏడవగా నేను చూడలేదు. ఖాలా లోటాతో నీళ్లు తెచ్చి బాపుకు ఇచ్చింది, అమ్మకు ఇచ్చింది. పాలామె బిడ్డ టోపీ దులిపి తెచ్చింది.

చివరి గుడిసె ఆమెది మామూలు జ్వరమేనని రెండు మూడు రోజుల్లో తేలింది. మాటలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మ మాత్రం బండల గురించి ఏమీ అనలేదు. ఎక్కమనలేదు, వద్దనలేదు. బావి నుంచి వచ్చి, బిందె దింపకుండా తవా బండ కింద నిలబడి చూసి, గుడిసెలోకి పోయేది. బిందె నెత్తిన పెట్టుకుని అంతసేపు నిలబడటం నొప్పే కదా. అయినా నిలబడేది.

తమ్ముడు పెద్దయ్యాక బడిలో లెక్కలు చెప్పే పంతులయ్యాడు. ఎక్కడాలూ దిగడాలూ లేని ఉద్యోగం. ముసలితనంలో కూడా మెట్ల పక్కన కమ్మీ పట్టుకునేవాడు కాదు. పిల్లలు కోప్పడితే, "ఏం కాదు బిడ్డా, కాలికి తెలుసు" అనేవాడు. వాడు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ రోజు టోపీ బండ మీద నిలబడ్డప్పుడు భయం వేసిందా అని ఎప్పుడో అడిగాను. "భయం బాపు ఎక్కినంక అయ్యింది. ఆయన పడ్తడని" అన్నాడు.

ఎండలు ముదిరాక ఇంటికి వచ్చాం. వెనక వసారా పెంకులు విప్పి ఎండ తగలనిచ్చి, గంధకం పొగ వేసి, సున్నం కొట్టించారు. ఇల్లు కొత్తవాళ్ల ఇంటిలా వాసన వేసింది. గోడలు దగ్గరికి వచ్చినట్టు అనిపించింది. నేను ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. తమ్ముడు మిద్దె తలుపు దగ్గర నిలబడి తాళాన్ని కదిలిస్తున్నాడు. టకటకమని ఆ చప్పుడు ఆగడం లేదు. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. కొడుతుందనుకుని వాడు తల వంచాడు. ఆమె నడుముకున్న తాళంచెవి తీసి తలుపు తెరిచి, వెళ్లి మళ్లీ చేట ముందు కూచుంది.

వాడి అడుగులు మెట్లు ఎక్కాయి. తర్వాత మా నెత్తిమీద మిద్దె మీద పరిగెత్తాయి, ఈ గోడ నుంచి ఆ గోడకు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పైన అడుగులు ఆగితే ఆమె వేళ్లు ఆగేవి. మళ్లీ అడుగులు కదిలితే వేళ్లు కదిలేవి. పిట్టగోడ పొట్టిదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె తల ఎత్తలేదు, పిలవలేదు. నేను ఎదురుగా కూచుని ఆ వేళ్లనే చూస్తున్నాను. రాబోయే ఏడు నాకు ఓణీ వేస్తారు, ఆ తర్వాత ఇలాంటివేమీ ఉండవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చాలాసేపటికి, చేటలోంచి కళ్లు తీయకుండానే, అమ్మ అంది.

"నువ్వు నా మొఖం ఏం జూస్తున్నవే? పో. నువ్వు కూడ పో."

మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. పైన ఎండ ఉంది.